ఆకులు, పుల్లలు, తాటికాయలు: పిల్లల ఆటకి కావాల్సిన సామానంతా ఇంటి చుట్టూనే ఉంది

సెలవుల్లో పిల్లలతో ఏదో ఒకటి చేయిద్దామని మనం కూర్చుంటే ఎక్కువగా జరిగేది ఇదీ: యూట్యూబ్‌లో ఒక వీడియో చూస్తాం, రంగు కాగితాలూ గ్లూ గన్నూ మెరుపుల డబ్బా కొనుక్కొస్తాం, వీడియోలో ఉన్నట్టే రావాలని పిల్ల చేతిలోంచి కత్తెర లాక్కుని మొత్తం మనమే చేసేస్తాం. బొమ్మ బాగానే వస్తుంది. స్టేటస్‌లో పెడతాం. తర్వాత అది టీవీ స్టాండ్ ఎక్కి కూర్చుంటుంది, పిల్ల దాని వంక కూడా చూడదు.

ఇక్కడ నేను చెప్పేవి అలాంటివి కావు. విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో, తోటల్లో, గెడ్డ (వాగు) ఒడ్డున ఊరికే దొరికే వాటితో చేసేవి, రెండు రోజులు ఆడితే విరిగిపోయేవి, చూడ్డానికి పెద్ద అందంగా కూడా ఉండనివి. వీటికి నా వరకు ఒకటే పద్ధతి: సగం చేసి వదిలేయాలి. కళ్లు, ముక్కు, రంగులు అన్నీ పెట్టేసి ఇది ఏనుగు అని చేతికిస్తే అది ఏనుగే, ఇంకేమీ కాదు. నాలుగు పుల్లలు గుచ్చిన ముద్ద ఇస్తే పొద్దున్న గేదె, మధ్యాహ్నం మంచం, సాయంత్రానికి రాక్షసుడు.

ముందు సంచి పట్టుకుని బయల్దేరండి

ఎండాకాలం అయితే పొద్దున్న ఎనిమిదిలోపు, లేదంటే సాయంత్రం ఐదు దాటాక. ఒక్కొక్కరికీ ఒక్కో సంచి ఇవ్వండి, అందరికీ కలిపి ఒకటి వద్దు, సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. చెట్టు మీదవి తెంపడం కంటే కింద రాలినవి ఏరడం నేర్పండి. చింతపిక్కలు, కానుగ కాయలు, కొబ్బరి మట్టలు, కొబ్బరి చిప్పలు, పనసాకులు, తుమ్మ ముళ్లు (ఇవి పెద్దవాళ్ల సంచిలో), నున్నటి గులకరాళ్లు, పంగల కర్రలు. పంగల కర్ర ఎక్కడ కనిపించినా వదలకండి, దాంతో పని పడని ఆట లేదు.

ఇంకొకటి, గోగు పుల్లలు. ఒకప్పుడు మన రెండు జిల్లాల్లోనూ గోగు బాగా వేసేవారు, చెరువులో నానబెట్టి నార తీసేశాక తెల్లగా, తేలిగ్గా పుల్లలు మిగిలేవి, పిల్లల ఇళ్లూ కంచెలూ అన్నీ వాటితోనే. ఇప్పుడు పంట బాగా తగ్గింది. చుట్టాల ఊళ్లో ఎవరైనా వేస్తే ఒక మోపు అడిగి తెచ్చుకోండి. దొరక్కపోతే ఎండిన కంది పుల్లలతో సర్దుకోవచ్చు, కాకపోతే అవి గట్టివి, పిల్లల చేత్తో విరగవు.

ముట్టుకోకూడనివి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఇది మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. పలాస, వజ్రపుకొత్తూరు వైపు అయితే అన్నిటికంటే ముందు పచ్చి జీడిపిక్క. దాని తొక్కలో ఉండే నూనె తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, కొట్టి చూద్దాం, కోసి చూద్దాం అని పిల్లలు సరదాపడతారు, వద్దు. గురువింద గింజలు ఎర్రగా నల్లబొట్టుతో ఎంత ముద్దొచ్చినా ఇంటికి తేకండి, కొరికితే విషం. ఆముదం గింజలు, నేపాళం గింజలు, పచ్చ గన్నేరు కాయలు కూడా అంతే. నేపాళం కాడ విరిచి పాలతో బుడగలు ఊదడం మనలో చాలామంది చిన్నప్పుడు చేసిందే, కానీ ఆ చెట్టు దగ్గరికి వెళ్లిన పిల్లలు గింజలు తినకుండా ఊరుకుంటారని గ్యారంటీ లేదు. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. దూలగొండి కాయ ముట్టుకుంటే ఆ రోజంతా గోక్కోవడమే. ఎండుటాకుల కుప్పలో నేరుగా చెయ్యి పెట్టనివ్వకండి, ముందు కర్రతో కదపాలి, తేళ్లూ జెర్రులూ అక్కడే ఉంటాయి. మూడేళ్లలోపు పిల్లలుంటే చింతపిక్కలూ చిన్న రాళ్లూ వాళ్లకి అందనివ్వకండి, నోట్లో పెట్టుకుంటారు. కత్తిపీట, కొడవలి పని మొత్తం మీదే.

ముంజికాయల బండి

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ముంజులు దొరికినన్నాళ్లూ చేసుకోవచ్చు. ముంజులు తినేశాక మిగిలిన కాయల్ని పారేయకుండా తీసుకురండి, రోడ్డు పక్కన అమ్మేవాళ్ల దగ్గర అడిగినా ఇచ్చేస్తారు.

1. ఒకే సైజువి రెండు కాయలు ఎంచండి. ఒకటి పెద్దది ఒకటి చిన్నది అయితే బండి పక్కకి లాగేస్తుంది. పైన మరీ లోతుగా చెక్కేసినవి వద్దు.

2. అదే రోజు చేయాలి. కాయ పచ్చిగా ఉన్నప్పుడే పుల్ల దిగుతుంది, రెండు రోజులు ఆగితే ముడుచుకుపోయి రాయిలా తయారవుతుంది.

3. బొటనవేలంత లావు కర్ర, మూరెడు పొడవుది తీసుకుని రెండు చివర్లూ సూదిగా చెక్కండి. ఇదే ఇరుసు. మూడు ముంజి గుంటలకీ సరిగ్గా నడిమధ్య గుచ్చి అవతలికి రెండు వేళ్ల మేర వచ్చేదాకా తోయండి. రెండో కాయ రెండో చివర. మధ్యలోంచి కొంచెం పక్కకి జరిగినా బండి ఎగురుతూ పోతుంది, కొంతమంది పిల్లలకి అదే ఇష్టం, అలాగైతే సరిచేయకండి.

4. పిల్ల ఛాతీ ఎత్తు వచ్చే పంగల కర్ర తీసుకుని పంగ లోపలి బెరడు గీకి నున్నగా చేయండి. పంగని ఇరుసు మధ్యలో ఆనించి తోయడమే. ఇక్కడ కాయలు ఇరుసు మీద తిరగవు, బిగుసుకుని ఉంటాయి, ఇరుసే పంగలో తిరుగుతుంది. అందుకే అక్కడ రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తే హాయిగా పోతుంది.

బండి అయిపోయింది. అసలు సంగతి ఇప్పుడు మొదలవుతుంది. ఊరికే తోసుకుంటూ తిరిగితే అరగంటలో విసుగొస్తుంది. బండికి ఒక పని కావాలి. అది మీరు చెప్పేయకండి, ఒక ప్రశ్న అడిగి వదిలేయండి: "ఈ బస్సు ఎక్కడికెళ్తది బాబూ?" అంతే. ఒకడు విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి చీపురుపల్లి, రాజాం మీదుగా పాలకొండ అంటాడు. అరుగు కాంప్లెక్స్ అవుతుంది, బోరింగు దగ్గర చీపురుపల్లి, గేదెల పాక రాజాం. టికెట్లు కానుగాకులు, చిల్లర చింతపిక్కలు. "చిల్లర లేదు, దిగేటప్పుడు తీసుకో" అని ఆరేళ్ల కండక్టర్ గదమాయిస్తుంటే నవ్వొచ్చినా నవ్వకండి, మీరు కూడా ఎక్కి టికెట్ అడగండి. లెక్కలు మీరు చెప్పక్కర్లేదు, ఐదు పిక్కలిస్తే రెండు తిరిగివ్వాలని వాళ్లే కొట్టుకుని మరీ తేల్చుకుంటారు.

కొబ్బరి చెట్టు ఒక్కటి ఉంటే చాలు

ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి వాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి.

బూర: పచ్చి కొబ్బరాకు నుంచి ఒక రెమ్మ తీసి ఈనె లాగేయండి, రెండు పొడవాటి పట్టీలు వస్తాయి. ఒక పట్టీ సన్నటి కొస దగ్గర మొదలుపెట్టి పొట్లంలా చుట్టుకుంటూ రండి, ప్రతి చుట్టూ ముందు చుట్టు మీద సగం ఎక్కాలి, పోను పోను వెడల్పు కావాలి. చివర విప్పుకోకుండా ఆ తీసిన ఈనె ముక్కతోనే గుచ్చేయండి. సన్నటి వైపు వేళ్లతో నొక్కి చదును చేసి, కొంచెం తడిపి, పెదాల మధ్య బిగించి ఊదాలి. మొదట గాలి తప్ప ఏమీ రాదు. నొక్కుడు ఎక్కువ తక్కువ చేస్తూ పోతే ఒక్కసారిగా కూత వస్తుంది, ఇక ఆ తర్వాత ఇంట్లో ప్రశాంతత గురించి నన్నడగొద్దు. రెండో పట్టీతో వాచీ చేయొచ్చు, మణికట్టుకి చుట్టి ముడేస్తే సరిపోతుంది, టైమ్ ఎంతయిందో పిల్లలే చెప్తారు.

వీణ: బొబ్బిలి మన దగ్గరే కాబట్టి ఇది చేయించకపోతే తప్పు. బొబ్బిలి వీణ పనస చెక్కతో చేస్తారు, ఒకే దుంగలోంచి తొలిచి చేసే ఏకాండి వీణకి పేరు. మనకి అంత అక్కర్లేదు. ఎండిన కొబ్బరి మట్ట మూరన్నర ముక్క కోయండి, వెడల్పాటి మొదలు ఒక వైపు ఉండాలి. ఆ వెడల్పు వైపు కింద ఒక పెద్ద కొబ్బరి చిప్ప బోర్లించి తాడుతో కట్టండి, అది కుండ. రెండో వైపు చిన్న చిప్ప, అది బుర్ర. మట్ట రెండు చివర్లా గాట్లు పెట్టి నాలుగు రబ్బరు బ్యాండ్లు గానీ బిగుతుగా లాగిన నైలాన్ దారం గానీ కట్టండి, తీగల కింద రెండు చివర్లా చిన్న పుల్ల ముక్క అడ్డం పెట్టి కాస్త పైకి లేపితేనే మోగుతుంది, మట్టకి ఆనుకుంటే టప్‌మని చచ్చిపోతుంది. అసలు వీణకి ఏడు తీగలు, వాయించేవి నాలుగు, తాళానికి మూడు, మెట్లు 24. కొంచెం పెద్ద పిల్లలుంటే 24 ఈనె ముక్కలు కోసి అడ్డంగా కట్టమనండి, మధ్యాహ్నం మొత్తం గడిచిపోతుంది. మిగిలిన చిప్పలు తప్పెటలు. ఛాతీకి ఒకటి కట్టుకుని పుల్లతో కొడుతూ తప్పెటగుళ్లు వాళ్లలా గెంతడానికి పిల్లలకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఊళ్లో ఒక్కసారి చూసుంటే చాలు.

కిరీటం, ముసుగు

పనసాకు మందంగా ఉంటుంది, తొందరగా వాడదు, అందుకే కిరీటానికి అదే మంచిది. అప్పుడే తెంపితే పాలు కారి చేతులకి జిగురంటుకుంటుంది, కాబట్టి ముందు రోజు తెంపినవో, రాలినా ఇంకా మెత్తగా ఉన్నవో వాడండి, చేతులకి కాస్త నూనె రాసుకోండి. కాడలు తుంచేసి, ఒక ఆకు మీద ఇంకో ఆకు మూడోవంతు ఎక్కేలా పెట్టి, రెండంగుళాల ఈనె ముక్కతో కుట్టులా గుచ్చాలి, విస్తరి కుట్టినట్టే. తలకి సరిపోయాక చివర్లు కలిపేయండి. ముందువైపు నిలువుగా ఒక ఆకు గుచ్చితే రాజు, మందార పువ్వు గుచ్చితే రాణి, రెండు వంకర పుల్లలు గుచ్చితే దున్నపోతు.

ముసుగుకి ఇంకా సులువు. సంతలో అడ్డాకు విస్తళ్ల కట్ట కొనండి. విస్తరి నీళ్లు చల్లి మెత్తబరిచి, కళ్ల దగ్గర రెండు కన్నాలు కోసి, పక్కల దారం కట్టివ్వండి, అక్కడితో ఆపేయండి. మీసాలు, కోరలు, చెవులు వాళ్లే తగిలిస్తారు. సిగ్గుపడి నలుగురిలో నోరు విప్పని పిల్లలు ముసుగు వెనకాల నుంచి బాగా మాట్లాడతారు, ఇది నేను చాలాసార్లు గమనించాను. అలా మాట్లాడేటప్పుడు "అబ్బో, మా చిన్నది ఎంత బాగా మాట్లాడుతుందో" అని పిలిచి నలుగురికీ చూపించకండి, అక్కడితో ఆగిపోతుంది.

చిన్న సిరిమాను

నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైంది ఇది, కొంచెం ఎక్కువే చెప్తాను.

విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమాను దసరా వెళ్లిన తర్వాతి మంగళవారం తిరుగుతుంది. చింతమాను, 60 అడుగుల దాకా పొడవు, దాని కొసన పూజారి కూర్చుంటాడు, అమ్మవారి చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లొస్తుంది, జనం అరటిపండ్లు విసురుతారు. పిల్లలు నాన్న భుజాల మీద కూర్చుని ఒక్కసారి చూస్తే చాలు, తర్వాత నెల్లాళ్లు ఏ కర్ర దొరికినా సిరిమానే.

ఆడుకోవడానికి ఇలా చేయండి. అడుగుకి కొబ్బరి మట్ట వెడల్పాటి మొదలు గానీ పాత పీట గానీ తీసుకుని ముందు తాడు కట్టండి, లాగడానికి. చెరువు బంకమట్టి తెచ్చి రాళ్లూ వేళ్లూ ఏరేసి, గుప్పెడు ఇసక కలిపి పిసకండి, ఇసక లేకపోతే ఎండాక నెర్రెలిస్తుంది. ఆ ముద్దలు రెండు పీట మీద పెట్టి జానెడు ఎత్తు పంగల కర్రలు రెండు ఎదురెదురుగా గుచ్చి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. ఎండలో పెడితే పైపైన ఎండి లోపల పచ్చిగా ఉండి విరుగుతుంది. రెండు పంగల మీదా అడ్డకర్ర ఒకటి వేసి కట్టండి, అది ఇరుసుమాను. ఇప్పుడు మూడడుగుల సన్నటి కర్ర, ఒక వైపు లావుగా ఒక వైపు సన్నగా ఉన్నది చూసి, లావు వైపు నుంచి పావు వంతు దగ్గర ఇరుసుకి నారతో కట్టండి, వదులుగా, పైకీ కిందకీ ఊగాలి. సన్నటి కొసకి ఆల్చిప్పో చిప్ప ముక్కో కట్టి అందులో మట్టి బొమ్మ కూర్చోబెట్టండి.

కొస కిందపడుతుంది. పడనివ్వండి. ఏం చేస్తే లేస్తుందో వాళ్లని ఆలోచించుకోనివ్వండి. కాసేపటికి ఎవరో ఒకరు వెనక లావు వైపు రాయి కడతారు, చాలదు, ఇంకా పెద్ద రాయి, అప్పుడు టక్కున లేచి పూజారి వెనక్కి ఎగిరిపడతాడు, మళ్లీ చిన్న రాయి. పొడుగు వైపు చిన్న బరువుని లేపడానికి పొట్టి వైపు పెద్ద బరువు ఎందుకు కావాలో స్కూల్లో తర్వాత ఎప్పుడో వస్తుంది, ఇప్పుడు మీరు మధ్యలో దూరి పాఠం చెప్పకండి.

ఊరేగింపుకి ఇంకా చాలా కావాలి, అసలు సిరిమానుతో పాటు వెళ్లేవన్నీ. తెల్ల ఏనుగుకి పీచుతో ఉన్న ఎండు కొబ్బరికాయ, నాలుగు పుల్ల కాళ్లు, పైన సున్నం. బెస్తవారి వలకి చిరిగిన దోమతెర. పాలధార వాళ్లకి గోగుపుల్ల ఈటెలు. అంజలి రథానికి అట్టపెట్టె. అందరికీ పూజారే కావాలని గొడవ వస్తుంది, ఖాయంగా వస్తుంది, అప్పుడు మిగతా పాత్రలు గుర్తుచేయండి: బందోబస్తు పోలీసులు, పప్పుండలు అమ్మేవాళ్లు, తప్పిపోయిన పిల్లాడు, వాడి గురించి బొప్పాయి కాడ మైకులో అనౌన్స్ చేసేవాడు. ఆ మైకు దొరికితే పూజారి పదవి ఎవడికీ గుర్తుండదు. విసరడానికి అరటిపండ్లు వద్దు, పూరేకులు చాలు.

ఇంట్లో పెద్దావిడ "అమ్మవారితో ఆటలేంటర్రా" అని కేకలేయొచ్చు. ఆవిణ్ణే కుర్చీ వేసి కూర్చోబెట్టి, అమ్మవారు కలలో కనబడి చెట్టు ఎక్కడుందో చెప్పడం దగ్గర్నుంచి కథంతా చెప్పమనండి. పది నిమిషాల్లో ఊరేగింపు ఎటు తిరగాలో ఆవిడే ఆర్డర్లు వేస్తుంటుంది.

కొంగ ముక్కు ఆట, ఇసక నది

టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా శీతాకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్లు కడతాయి. చూసొచ్చాక ఇది ఆడించండి. పిల్లలందరికీ రెండేసి గోగుపుల్లలు, అదే ముక్కు. పెరట్లో రాలిన పుల్లలు ఆ ముక్కుతోనే, ఒక్కోసారి ఒక్కటే ఎత్తి, కింద కొమ్మ పంగలోనో బోర్లించిన బుట్ట మీదో గూడు అల్లాలి, చేతులు వాడకూడదు. గుడ్లకి గులకరాళ్లు. పక్క గూటి పుల్లలు దొంగిలించొచ్చా అని అడుగుతారు, నిజం కొంగలు దొంగిలిస్తాయి మరి, నిర్ణయం వాళ్లకే వదిలేయండి.

కళింగపట్నం, బారువ, చింతపల్లి బీచ్‌లకి వెళ్తే ఇసకలో వంశధార, నాగావళి రెండూ తవ్వించండి, అలల దాకా కాకుండా కాస్త ఇవతలే ఆపి, బిందెతో నీళ్లు పోస్తే చాలు. అరటి డొప్ప ముక్కలు పడవలు. గవ్వలు ఏరేటప్పుడు లోపల పీత ఉందేమో తిప్పి చూడమనండి, ఉంటే అక్కడే పెట్టేయాలి. నీళ్ల దగ్గర ఆడినంతసేపూ ఒక పెద్దమనిషి ఫోన్ జేబులో పెట్టుకుని నిలబడాలి, ఇందులో బేరాల్లేవు.

అపార్ట్‌మెంట్ వాళ్లకి

పెరడు లేదని ఆగకండి. వారానికొకసారి ఊరికి వెళ్లినప్పుడు ఒక గోనె సంచి నింపుకొచ్చి బాల్కనీలో ఒక మూల పెట్టండి. అడ్డాకు విస్తళ్లు, కొబ్బరి చిప్పలు పాడవవు. మట్టిని తడిగుడ్డ చుట్టి డబ్బాలో పెడితే చాలా రోజులు మెత్తగా ఉంటుంది. పుల్లలు రెండు రోజులు ఎండలో పెట్టి దులిపాకే లోపలికి తెండి, చీమలూ పురుగులూ పోతాయి. ఆట అయ్యాక అంతా తుడిచేయకుండా ఒక మూల రాత్రికి అలాగే వదిలేస్తే పొద్దున్న లేవగానే ఆగిన చోట నుంచి మొదలెడతారు. ఇంటికి చుట్టాలొస్తున్నారని సర్దాల్సి వస్తే మాత్రం వాళ్లనే అడిగి సర్దండి, మీకు చెత్తలా కనపడేది అక్కడ ఎవరిదో ఇల్లు అయ్యుంటుంది.

చివరగా, టెంక తాత

ఇది శ్రావణ భాద్రపదాల్లో, తాటిపళ్లు రాలే రోజుల్లో. పండు గుజ్జు తీసేశాక టెంకకి పీచు మిగులుతుంది కదా, దాన్ని రెండు మూడు నీళ్లలో బాగా ఉతికి, ఒక పూట ఆరబెట్టి, పాత దువ్వెనతో దువ్వండి. తెల్లగా పొడుగ్గా గడ్డం తయారవుతుంది. పీచు ఒక వైపుకి లాగి, ఖాళీ అయిన చోట బొగ్గుతో రెండు చుక్కలు పెట్టమని పిల్లలకివ్వండి. తాత, ముని, సింహం, జుట్టు విరబోసుకున్న అమ్మోరు, ఏదైనా అవుతుంది. జడ వేస్తారు, కత్తిరిస్తారు, స్నానం చేయిస్తారు.

నాలుగు రోజులు ఆడాక టెంకలన్నీ ఇసక పాతరలో వేసేయండి, మరీ ఎక్కువ రోజులు ఎండబెడితే మొలకెత్తవు. సంక్రాంతి నాటికి తేగలు వస్తాయి, టెంక కొడితే బుర్రగుంజు కూడా. "తాతని తినేస్తామా" అని ఎవరైనా ఏడుపు మొదలెడితే ఆ ఒక్క టెంకా పక్కన పెట్టి మిగతావి పాతండి.